మిరప మంట, ఒక ఇంగ్లిష్ మాట

పదో తరగతి నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఒక వాక్యం దగ్గర నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఐదు కొత్త మాటలిచ్చి, ఒక్కోదానితో ఒక్కో సొంత వాక్యం రాసుకురమ్మన్నాను. అందులో ‘కంటేజియస్’ ఒకటి. ఒక అమ్మాయి ఇంగ్లిష్‌లో రాసిన వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇది: ‘మా బడి వంటక్క కంటేజియస్, అందుకే ఆమె బడికి రావడం లేదు.’

వాక్యంలో తప్పేమీ లేదు. ఆ విశేషణాన్ని రోగానికీ వాడొచ్చు, ఆ రోగాన్ని ఇంకొకరికి అంటించగల మనిషికీ వాడొచ్చు. పాఠంలో నేనే అలా చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విన్నది, శ్రద్ధగా రాసింది. ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ చెబుతున్నదాన్ని, ఎక్కడ సున్నా చుట్టాలో తెలియక ఆ పేజీ వంక చూస్తూ కూర్చున్నాను. పూర్తి మార్కులు వేయాల్సిన వాక్యం, నిజమో కాదో ఎవరూ తేల్చుకోని వాక్యం.

ఆ అమ్మాయిని పిలిచి, “ఇది నీకు ఎవరు చెప్పారే?” అని అడిగాను.

“నోటీసు బోర్డు మీద ఉన్నది కద మేడం,” అంది. “మీరే రాసిండ్రట. మీ సంతకం కూడ ఉన్నది.”

నా సంతకం ఉన్న మాట నిజమే. ఆ నిమిషంలో నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆ పిల్ల మీద కాదు, హెడ్‌మాస్టర్ మీదా, బడి కమిటీ మీదా, అన్నిటికంటే ఎక్కువగా నా మీద. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆ వంటక్క గురించి ముందు చెప్పాలి. ములకలపల్లి మండలంలో అడవి అంచున ఉన్న మా హైస్కూల్లో పదకొండేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతున్న మనిషి. బడికి కాస్త దూరంలో ఉన్న గూడెం ఆమెది. ఇంట్లో మాట్లాడే భాష వేరు, మాతో మాట్లాడే తెలుగు వేరు. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. వర్షాకాలంలో తడి కట్టెలు ఊదీ ఊదీ కళ్లు ఎర్రగా చేసుకుని కూడా గంట కొట్టే వేళకు పప్పు దించేది. ఆ పొయ్యి ఆమెకు బతుకుదెరువు మాత్రమే కాదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పిల్లలు తన చేతి అన్నం తిని పెద్దవాళ్లయ్యారని చెప్పుకునేటప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా నిలబడేది. ఆ పొయ్యి దగ్గర్నించి ఆమెను లేపేశారు. లేపడానికి కాగితం రాసింది నేను.

ఎలా రాశానో చెబుతాను. ఒక సోమవారం ఇంటర్వెల్‌లో హెడ్‌మాస్టర్ నన్ను తన గదికి పిలిచాడు.

“మేడం, వంటామె చేతులకు ఏందో రోగమట. తోలు ఊడుతున్నదట. కమిటీల ఉన్న ఎరువుల దుకాణమాయన చూసి ఫోన్ చేసిండు. ఆమె కూడ చేతులు కొంగు కింద దాచుకుంటున్నదట. పిల్లల సంగతి. రేపు ఏమన్న అయితే మన మెడకే చుట్టుకుంటది. మీరు ఇంగ్లిష్‌ల నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టండి. ఇంగ్లిష్‌ల ఉంటే పైన జల్దీ చూస్తరు.”

“డాక్టర్‌కు చూపించారా?” అన్నాను.

“గందుకే కద మేడం, డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చేదాంక రావద్దని రాయమంటున్న.”

ఆ జవాబు నాకు న్యాయంగానే తోచింది. స్టాఫ్ రూంలోకి వెళ్లి తెల్లకాగితం తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించే సంగతి ఇది. ‘ఇన్ఫెక్షియస్’ అని రాయాలా, ‘కంటేజియస్’ అని రాయాలా అని పది నిమిషాలు ఆలోచించాను. పక్కన కూర్చున్న లెక్కల మాస్టారికి పాఠం కూడా చెప్పాను. మలేరియా ఉంది చూడండి మాస్టారూ, అది ఇన్ఫెక్షియస్, దాన్ని తెచ్చే పరాన్నజీవి ఒకటి ఉంది. కానీ కంటేజియస్ కాదు, దోమ కుట్టాలే గాని రోగి పక్కన పడుకున్నా రాదు. గజ్జి అలా కాదు, చర్మానికి చర్మం తగిలితే చాలు, అది కంటేజియస్. అంటుకునేవన్నీ ఇన్ఫెక్షియసే గాని, ఇన్ఫెక్షియస్‌వన్నీ అంటుకోవు. ఈ మాటను నవ్వుకూ వాడతారు, ఆవలింతకూ వాడతారు, కానీ ఆఫీసు ఉత్తరంలో రోగానికే వాడాలి.

లెక్కల మాస్టారు, “మీరు చెప్తే అరటిపండు వొలిచినట్టే ఉంటది మేడం,” అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ తర్వాత ‘అంటుకునే చర్మవ్యాధి ఉన్నట్టు అనుమానం’ అని ఇంగ్లిష్‌లో చక్కగా రాశాను. ‘అనుమానం’ అన్న మాట చేర్చినందుకు నా మీద నాకే గౌరవం కలిగింది. ఎంత జాగ్రత్తగా రాశాను, ఎవరినీ నిందించలేదు అనుకున్నాను. స్టాఫ్ రూం నుంచి వంటగదికి ఇరవై అడుగులుంటాయి. ఆ పది నిమిషాల్లో ఒక్క నిమిషం లేచి వెళ్లి ఆమె చేతులు చూసి రావచ్చు. వెళ్లలేదు. మాట ఎంత సరైనదో చూసుకున్నాను గాని, ఆ మాట ఎవరి మీద పడుతుందో చూడలేదు.

ఉత్తరం ఒక కాపీ పైఆఫీసుకు వెళ్లింది, ఒకటి ఆమె చేతికి వెళ్లింది, ఒకటి నోటీసు బోర్డు మీద అద్దం వెనక కూర్చుంది. మరుసటి రోజు నుంచి ఆమె రాలేదు. వంటకు ఇంకెవరో వచ్చారు. పప్పు నీళ్లలా ఉందని పిల్లలు గొణిగారు. నాకు పరీక్షల హడావుడి. రెండు వారాలు ఆమె సంగతే పట్టించుకోలేదు. ఆ పిల్ల వాక్యం నా ముందుకు రాకపోతే ఇంకెన్ని వారాలు పట్టించుకోకుండా ఉండేదాన్నో నాకే తెలియదు.

ఆ రోజు బడి వదిలాక స్కూటీ వేసుకుని గూడానికి వెళ్లాను. మార్చి ఎండ ఇంకా దిగలేదు. ఆమె ఇంటి ముందు నీడలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తీయడం అంటే, చాకు పిడిని రెండు అరచేతుల మధ్య పట్టుకుని తంటాలు పడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. చేతులు కొంగు కిందకు పోయాయి.

“కూర్చో వంటక్కా. ఏదీ, చేతులు చూపించు,” అన్నాను.

చూపించలేదు. “దవాఖాన కాయితం ఇంక తేలేదు మేడం. పోయి తెద్దామనుకున్న. తోడు దొరకలె,” అంది, నేను ఆ కాగితం కోసమే వచ్చాననుకుని.

“కాగితం సంగతి తర్వాత. చెయ్యి చూపించు.”

చూపించింది. రెండు చేతులకూ బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు. ఆ మూడు వేళ్ల కొసలే. ఎర్రగా కమిలి, పైతోలు పొరలు పొరలుగా లేచి ఉంది. మిగిలిన రెండు వేళ్లూ శుభ్రంగా ఉన్నాయి. అరచేయి శుభ్రంగా ఉంది. మణికట్టు శుభ్రంగా ఉంది. ఏ గజ్జి, ఏ తామర ఇంత లెక్కగా మూడు వేళ్లు ఎంచుకుని ఆగిపోతుంది? ఇంగితం ఉన్న మనిషి ఎవరైనా ఒక్క చూపులో కనిపెట్టేస్తారు.

“ఏమైంది ఇది?”

“ఏమైతది మేడం. మిర్చి. ఆదివారాలు, సెలవు దినాలు ఏరనీకి పోతున్న కద. పచ్చిగున్నప్పుడు ఏరితె ఒక మంట, కల్లంల కూసోని రంగు పోయిన తాలుకాయ తీస్తె ఒక మంట. తొడిమె పట్టి పట్టి ఈ మూడు వేళ్లు పోతయి. ఆముదం రాసుకుంట, మజ్జిగల పెట్టుకుంట. ఎండకాలం నడిమికి కొత్త తోలొస్తది. ప్రతి ఏడు గింతే.”

“మరి హెడ్‌మాస్టర్‌కు చెప్పలేదా?”

“చెప్పిన. మిర్చి మంట సారూ అన్న. అది డాక్టర్ చెప్పాలె, నువ్వు కాదు అన్నడు.”

“చేతులు ఎందుకు దాచుకున్నావు మరి? దాచుకోబట్టే కదా వాళ్లకు అనుమానం వచ్చింది.”

ఆమె నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది.

“కూలి ముఠాల చేతులు చూపియ్యం మేడం. తోలు లేసిన చేతులు మేస్త్రి కంట బడితె, ఈమె రేపు సగం బస్తా కూడ ఏరదని పేరు కొట్టేస్తడు. తెల్లారి ట్రాలీల ఎక్కనియ్యడు. గందుకే అందరం కొంగు కింద పెట్టుకుంటం. అలవాటైంది. బళ్లె గూడ గట్లనే పెట్టుకున్న.”

మిర్చి ఏరే ఆడవాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాని అలవాటు అది. ఒకచోట కూలి పోకుండా దాచిన చేతులు, ఇంకోచోట రోగం దాచిన చేతులైపోయాయి. అలా చేసిన ఘనులం మేము, డిగ్రీలున్నవాళ్లం.

“ఎవరి తోటలో ఏరుతున్నారు?” అని మామూలుగా అడిగాను.

ఆమె మళ్లీ చింతపండు అందుకుంది. “మీ అన్నోళ్ల తోటనే మేడం. జూలూరుపాడు అవతల.”

మా తాతగారి కాలంలో కోస్తా నుంచి వలస వచ్చిన కుటుంబం మాది. పొగాకు వేశారు, పత్తి వేశారు, చివరికి మిరపకు స్థిరపడ్డారు. కల్లంలో ఎండిన కాయ చప్పుడు విని అది ఎంత ఎండిందో చెప్పగలను నేను. కోరు, అంటే ఎండుమిర్చి ఘాటు, ముక్కుకు తగిలితే తుమ్ములు ఎన్ని వస్తాయో లెక్క చెప్పగలను. మిరప గురించి నాకు తెలియనిది లేదని యాభై ఏళ్లు వచ్చేదాకా అనుకున్నాను. కానీ మిర్చి ఏరే మనుషులు తెల్లారకముందే ట్రాలీ ఆటోలో వచ్చి చేను చివర దిగేవారు. పాత మగ చొక్కాలు చీరల మీద తొడుక్కుని, తలకు తువ్వాళ్లు చుట్టుకుని సాళ్లలో వంగేవారు. సద్ది వాళ్లదే, నీళ్ల సీసా వాళ్లదే. మా ఇంటి గడపదాకా వచ్చింది మిరపకాయలే గాని, వాటిని ఏరిన చేతులు ఎప్పుడూ రాలేదు. మా అమ్మ చేతులు గాని, మా వదిన చేతులు గాని, నా చేతులు గాని ఏ వేసవిలోనూ ఊడలేదు. మేము మిరప పండించేవాళ్లం, అంతే.

లేవబోతుంటే ఆమె ఇంకో మాట అంది. అందులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

“మా దిక్కు ఎవరింట్ల అమ్మవారు పోస్తే ఆ ఇంటోళ్లే గుమ్మానికి యాపమండలు కట్టుకుంటరు మేడం. రావద్దని వాళ్లే చెప్తరు. మిగిలినోళ్లం గడప కాడ గంజి పెట్టి పోతం. నాకు మీరే కట్టిండ్రు. బోరింగు కాడ ఇద్దరు ముగ్గురు నా బిందె ముట్టుకుంటలేరు. గంజి మాత్రం ఎవలూ పెట్టలె.”

మర్నాడు సెలవు పెట్టి ఆమెను దవాఖానాకు తీసుకెళ్లాను. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ దవాఖానాయే. వరండాలో బల్ల మీద జ్వరాల వాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. ఒకతను ఆగకుండా దగ్గుతున్నాడు. అతని భుజానికి భుజం ఆనించి ఒక తల్లి పసిబిడ్డకు పాలు పడుతోంది. ఎవరూ పక్కకు జరగలేదు. వంటక్క వచ్చి కూర్చోగానే ఆమె వేళ్లు చూసి ఇద్దరు లేచి నిలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది. గాలిలో ఎగిరే దగ్గుకు భయం లేదు, మూడు వేళ్ల మిరప మంటకు భయం! జబ్బుల పేర్లు మనకు కాస్తో కూస్తో తెలుసు. ఏది ఎలా వస్తుందో మాత్రం తెలుసుకోం. కళ్లకు వికారంగా కనిపిస్తే చాలు, అది అంటుకుంటుందని తీర్మానించేస్తాం.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. వేళ్లు పట్టుకుని ఇటూ అటూ తిప్పింది, చేతి తొడుగు కూడా వేసుకోలేదు. “మిర్చి సీజన్ కదా, రోజుకు నలుగురైదుగురు వస్తారు. కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టకండమ్మా, కాయ ముట్టుకోకండి, ఈ పూతమందు రాయండి,” అని చెప్పింది. చూడడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నేను మాట ఎంచుకోవడానికి పట్టిన సమయంలో ఆమె పదిమంది చేతులు చూసి ఉండేది.

“ఇది కంటేజియస్ కాదని సర్టిఫికెట్‌లో స్పష్టంగా రాయండి,” అన్నాను.

“ఎవరన్నారు కంటేజియస్ అని?” అని నవ్వింది.

నేను పూతమందు చీటీ అందుకున్నాను. ఆ మాట రాసింది నేనేనని వంటక్క కూడా చెప్పలేదు. ఆ గదిలో ఆమె నన్ను కాపాడింది, నేను ఆమెను కాపాడకపోయినా. డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని మడిచి జాకెట్‌లో పెట్టుకుని నా వెనకే బయటికి నడిచింది.

సర్టిఫికెట్ హెడ్‌మాస్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

“మంచిదే మేడం. ఫైల్ల పెడ్త. కాని ఇప్పుడు ఇంకొకామెను పెట్టినం కద. కమిటీ తీర్మానం అయిపోయింది. వచ్చే ఏడు చూద్దాం.”

“రోగం లేదని తేలాక తీర్మానం ఏమిటి సార్? సర్టిఫికెట్ తెచ్చేదాకా అన్నారు. తెచ్చింది.”

“గట్ల కాదు మేడం. ఊర్ల మాట పుట్టింది. మాట పుట్టినంక తల్లిదండ్రులు ఊకుంటరా?”

“ఆ మాట పుట్టించింది మనమే కదా! నేను రాసింది తప్పు. తప్పని ఇంకో ఉత్తరం రాస్తాను.”

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీ ఇంగ్లిష్ తప్పెట్లయితది మేడం?” అన్నాడు.

ఇంగ్లిష్ ఒప్పయితే చాలు, మనిషికి జరిగింది కూడా ఒప్పే అయిపోతుందా? నేను కూడా రెండు వారాలు ఆయనలాగే ఆలోచించాను కాబట్టి ఆయన్ను పెద్దగా తిట్టే హక్కు నాకు లేదు. అయినా గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు తలుపు కొంచెం గట్టిగానే వేశాను.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్లాను. కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది, ఎరుపు కళ్లు చెదిరేలా ఉంది. ఎప్పుడూ ముచ్చటేసే ఎరుపు. ఆ రోజు చూడబుద్ధి కాలేదు. అన్నయ్యతో సంగతంతా చెప్పాను. నీ తోటలో ఏరేవాళ్ల చేతులు ఎలా ఉన్నాయో ఎప్పుడైనా చూశావా, కనీసం తొడుగులైనా కొనిచ్చావా అని అడిగాను.

“నువ్వేంటే కొత్తగా మాట్లాడుతున్నావు? మంట లేకుండా మిరపకాయ ఎక్కడైనా ఉంటుందా? తొడుగులేసుకుంటే చెయ్యి సాగదని వాళ్లే తీసి పారేస్తారు,” అన్నాడు.

“అడిగి చూశావా?”

“అడిగేదేంటి? అందరికీ తెలిసిందేగా.” తర్వాత కాస్త మెత్తబడి, నన్ను ఊరడిస్తున్నాననుకుని, “అయినా ఆవిడ గురించి నువ్వు బెంగపడకు. బళ్లోంచి తీసేసినా ఏం కాదు. ఇప్పుడు రోజూ కోతకు వస్తుందిగా. మనకూ మనుషులు దొరకట్లేదు. ఒక రకంగా మంచిదే అయింది,” అన్నాడు.

ఒక రకంగా మంచిదే అయింది. ఆ మాట విన్నాక అక్కడ కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను. మా అన్నయ్య దుర్మార్గుడేమీ కాదు. తోడబుట్టినవాడు, నాకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకుని కూర్చున్నవాడు. అందుకే ఆ మాట అంత భయంకరంగా వినిపించింది. మా మిర్చి ఆమె వేళ్లు ఊడగొట్టింది, ఆ వేళ్లు చూసి నేను ఆమె కొలువు ఊడగొట్టాను, కొలువు ఊడింది కాబట్టి ఆమె మళ్లీ మా మిర్చికే వస్తుంది. ఈ చక్రం తిప్పుతున్నది మా ఇంటివాళ్లమే, ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆ చెడ్డ ఉద్దేశం లేకపోవడమే నాకు కంపరం పుట్టించింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరినీ అడగకుండా, నోటీసు బోర్డు అద్దం తీసి నా ఇంగ్లిష్ ఉత్తరం పక్కన ఒక తెలుగు కాగితం అతికించాను. పెద్ద అక్షరాలతో రాశాను: ‘ఈ పక్కనున్న ఉత్తరం రాసింది నేను. అందులో రాసింది నిజం కాదు. మన వంటక్కకు ఏ అంటురోగమూ లేదు. ఆమె వేళ్లు మిర్చి ఏరడం వల్ల కమిలాయి. డాక్టర్ చూసి చెప్పారు. మీ ఇళ్లలో కూడా ఇలాంటి చేతులున్నాయేమో చూడండి. నేను చూడకుండా రాశాను. తప్పు నాది.’ కింద సంతకం పెట్టాను.

హెడ్‌మాస్టర్ మధ్యాహ్నానికల్లా పిలిచి, పర్మిషన్ లేకుండా బోర్డు ఎట్ల ముట్టుకుంటరు అని కోప్పడ్డాడు. మెమో ఇస్తానన్నాడు. ఇవ్వండి సార్, ఇంగ్లిష్‌లో కావాలంటే నేనే రాసిస్తాను అన్నాను.

డాక్టర్ సర్టిఫికెట్ చేయలేని పని ఆ తెలుగు కాగితం రెండు రోజుల్లో చేసింది. పిల్లలు చదివారు. చదివి ఊరుకోకుండా ఇళ్లకు మోసుకుపోయారు. సగం మంది పిల్లల తల్లులు మిర్చికి పోయేవాళ్లే కదా. మూడో రోజు పొద్దున, ట్రాలీ ఎక్కడం మానుకుని, బడి గంట వేళకు, ఏడెనిమిది మంది ఆడవాళ్లు పాత చొక్కాల మీదే బడి గేటు దగ్గరకు వచ్చారు. నేను పిలవలేదు. ఆ సంగతి హెడ్‌మాస్టర్ ఇప్పటికీ నమ్మడు.

వాళ్లలో ఒకామె ముందుకు వచ్చింది. ఆ వాక్యం రాసిన అమ్మాయి తల్లి అని తర్వాత తెలిసింది. కొంగు కింది నుంచి రెండు చేతులూ తీసి హెడ్‌మాస్టర్ ముందు పెట్టింది. అవే మూడు వేళ్లు.

“గిదేనా సారూ రోగం? గట్లయితె నేను కూడ రోగిష్టిదాన్నే. నా బిడ్డ రోజూ నా చేతి బువ్వ తిని మీ బడికొస్తున్నది. ఆమెను కూడ పంపియ్యాల్నా వద్దా?”

వెనకున్నవాళ్లు కూడా చేతులు బయటపెట్టారు. మేస్త్రికి ఎన్నడూ చూపించని చేతులు. హెడ్‌మాస్టర్ ఫోన్ చేసి పిలిపించిన ఎరువుల దుకాణమాయన మోటార్ సైకిల్ మీద వచ్చి, స్టాండ్ వేయకుండానే ఆ చేతులు చూసి, “నేను రోగమన్ననా? చూసుకోండి అన్న, గంతే,” అన్నాడు. తీర్మానం ఎంత తొందరగా కట్టారో అంత తొందరగా విప్పారు. చేతులు మానేదాకా వంట జోలికి రాకుండా ఉండాలని, మానాక వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర పని మొదలుపెట్టవచ్చని ఒప్పుకున్నారు. ఆ షరతు న్యాయమైనదే. మొదటి రోజే ఈ మాట అని ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

ఉగాది దాటిన వారానికి ఆమె తిరిగి వచ్చింది. వేళ్లకు కొత్త తోలు వచ్చింది, లేతగా గులాబి రంగులో ఉంది. పిల్లలు గోల చేశారు. పప్పు మళ్లీ పప్పులా ఉంది. నేను స్టాఫ్ రూం కిటికీలోంచి చూస్తూ, చివరికి అంతా సర్దుకుంది, నేను చేసిన తప్పును నేనే దిద్దుకున్నాను అని తృప్తిపడ్డాను. దిద్దడం నా వృత్తి కదా. ఎర్ర పెన్నుతో ఒక గీత గీస్తే తప్పు పోతుందని నమ్మి బతికినదాన్ని.

అన్నాలయ్యాక ఆమె స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడింది. ఇదివరకు నేరుగా లోపలికి వచ్చేది, నా డబ్బా మూత తీసి ఇంత పప్పు వేసిపోయేది. ఆ రోజు గడప దాటలేదు. జాకెట్‌లోంచి మడతలు నలిగిపోయిన కాగితం ఒకటి తీసింది. నేను రాసిన ఇంగ్లిష్ ఉత్తరం, ఆమెకిచ్చిన కాపీ.

“దీంట్ల ఏమున్నదో ఎవలూ సదివి చెప్పలె మేడం. రోగమని రాసిండ్రు అన్నరు, గంతే. మీరే రాసిండ్రు కద, మీరే జెర సదువుండ్రి.”

లెక్కల మాస్టారు పేపర్ల మీద వంగిపోయాడు. నేను కాగితం తీసుకుని చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లిష్‌లో చదివి, తెలుగులో చెప్పాను. పిల్లల క్షేమాన్ని దృష్టిలో పెట్టుకుని అన్నాను. అంటుకునే చర్మవ్యాధి ఉన్నట్టు అనుమానం అన్నాను. వైద్యుని ధ్రువపత్రం సమర్పించేవరకు వంటశాలలోకి అనుమతించరాదు అన్నాను. ఆమె గుమ్మానికి ఆనుకుని, తల కొంచెం వంచి, పాఠం వింటున్నట్టు వింది.

“శానా మంచిగ రాసిండ్రు మేడం,” అంది. ఎగతాళి లేదు, నిజంగానే అంది. “నా చెయ్యి సూడకుండనే ఇంత మంచిగ రాసిండ్రు.”

కాగితం నా చేతిలోంచి తీసుకుని, పాత మడతల మీదే మడిచి, మళ్లీ జాకెట్‌లో పెట్టుకుని, గిన్నెలు తోమడానికి వెళ్లిపోయింది.